నిల్వలో ఉన్న తల

నా భార్య గంగమణి పోయిన పదో రోజున నేను గుండు చేయించుకోలేదు. మీసం తీయించుకోలేదు. అప్పటికి ఆ రెండూ నావి కావు. ఇందులో వాదనకు చోటు లేదు. రశీదు ఉంది.

రశీదులో ఇలా ఉంది: "తల ఒకటి, వెంట్రుకలతో సహా. మీసం ఒకటి. కళ్ళు రెండు. వేళ్ళు పది. పైవి కార్యాలయం తరఫున పార్టీ వద్దనే నిల్వ ఉంచబడినవి." పార్టీ అంటే నేనే. కింద నా సంతకం. పక్కన గుండ్రని ముద్ర.

పద్దెనిమిదేళ్ళు నేను సముద్రం అవతల ఒక దేశంలో మేస్త్రి పని చేశాను. మా ఊళ్ళో చాలా ఇళ్ళు ఆ దేశం మీదే నడుస్తాయి. మాకు పిల్లలు లేరు. గంగమణి ఇంట్లో బీడీలు చుట్టేది. రెండేళ్ళకోసారి నేను వచ్చేవాణ్ణి. నేను వచ్చాక మొదటి వారం ఇద్దరం కొత్తవాళ్ళలా ఉండేవాళ్ళం. తర్వాత అలవాటయ్యే వేళకు నేను వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ ఏడు పాత కాంట్రాక్టు అయిపోయింది. కొత్త వీసాల కోసం ఊరివాళ్ళం నలభై ఒక్క మందిమి పేర్లు ఇచ్చాం. ఈసారి క్యాంపు వంటశాలలో గంగమణికి కూడా పని దొరికింది. నలభై ఒక్కరిలో ఆమె ఒకతె.

ఆ దేశం కొత్త నిబంధన పెట్టింది. పనికి వచ్చే బయటివాళ్ళు బయల్దేరకముందే వేలిముద్రలు, కళ్ళు, ముఖం ఇవ్వాలి. ఇచ్చినవి పన్నెండేళ్ళు చెడకుండా నిల్వ ఉండాలి. ఇందుకోసం మా జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసు తెరిచారు. పేరు వలసదారుల శరీర ఆనవాళ్ళ సేకరణ, నిల్వ కార్యాలయం. దాని అధికారిని అందరూ నిల్వ సారు అనేవారు.

నిబంధన రాసినవాళ్ళు కంప్యూటర్‌లో నిల్వ అనుకుని ఉంటారు. వాళ్ళకు మన ఆఫీసులు తెలియవు. నిల్వ సారు ముప్పై ఏళ్ళు భూమి కాగితాల దగ్గర పనిచేసి వచ్చినవాడు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన నేర్చుకున్నది ఒక్కటే. జిరాక్స్ చెల్లదు.

మా ముద్రలు, ఫొటోలు తీసుకున్నాక ఆయన మమ్మల్ని వరసగా నిలబెట్టాడు.

"ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నదేమిటి?"

"మా మొకాలు సార్," అన్నాడు లింబన్న. లింబన్న గంగమణి తమ్ముడు, నా బామ్మర్ది.

"ముఖాలు కావు. ముఖాల నకళ్ళు. అనగా జిరాక్స్. మరి ఒరిజినల్ ఎక్కడుంది?"

లింబన్న తన చెంప ముట్టుకుని చూపించాడు. ఆ రోజు అతనికి పన్ను నొప్పి. కుడి చెంప బూరెలా ఉబ్బి ఉంది. ఫొటోలో కూడా అలాగే పడింది.

"అదీ! ఒరిజినల్ లేని జిరాక్స్ ఈ భూమ్మీద ఏ ఆఫీసులోనూ చెల్లదు. కావున ఒరిజినళ్ళను పన్నెండు సంవత్సరాలు యథాతథంగా నిల్వ ఉంచవలసిన గురుతర బాధ్యత ఈ కార్యాలయం మీద ఉన్నది. స్థలాభావం దృష్ట్యా వాటిని మీ మీ మెడల మీదనే నిల్వ ఉంచడానికి అనుమతిస్తున్నాం."

"దయగల సారు," అన్నాడు లింబన్న.

"ఒక ఊరు, ఒక ఫైలు. ఒక్క ఒరిజినల్ మారినా ఫైలు మొత్తం ఆగుతుంది. అందరూ అందరినీ కనిపెట్టుకుని ఉండండి."

గంగమణికి ఫొటో తీసేటప్పుడు కొంత ఆలస్యమైంది. ముఖంలో ఏ భావమూ ఉండకూడదని నిబంధన. ఆమెకు నవ్వు ఆగలేదు.

"నవ్వొద్దమ్మా," అన్నాడు ఫొటో తీసేవాడు.

"ఈ వయసుల నన్ను కుర్చీల కూసోపెట్టి ఫొటో తీస్తున్నవ్. నవ్వు రాదా బిడ్డా?"

మూడు ఫొటోలు పనికిరాలేదు. నాలుగోసారి పెదవి కొరుక్కుని కూర్చుంది. అది నమోదైంది.

తర్వాత సోమవారం నుంచి తనిఖీ మొదలైంది. ఆఫీసు నుంచి విద్యాసాగర్ అనే పర్యవేక్షకుడు బండి మీద వచ్చేవాడు. సంచిలో టేపు, మా ఫొటోలు, ఒక భూతద్దం. ఒక్కొక్కరినీ గడప ముందు నిలబెట్టి మీసం పొడవు కొలిచి రాసుకునేవాడు.

ఊరి మంగలి సాయన్న గోడకు మగవాళ్ళందరి ఫొటోలు అంటించాడు. ఒకసారి ఫొటో చూసి, ఒకసారి తల చూసి, ఫొటో రోజున ఎంత ఉందో అంతే మిగిల్చేవాడు. వీసా వస్తే గుండు ఇస్తానని మొక్కుకుని, వీసా రాకముందే, ఫొటోకు ముందు రోజే వేములవాడ గుడికి పోయి గుండు ఇచ్చి వచ్చినవాడు ఒకడున్నాడు. భక్తి ఎక్కువ. అతని ఒరిజినల్ బోడి. పన్నెండేళ్ళు మూడు రోజులకోసారి గొరిగించుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు.

లింబన్న పన్ను వాపు అయిదో రోజుకు దానంతటది తగ్గిపోయింది. విద్యాసాగర్ భూతద్దంతో చూశాడు. "కుడి చెంప యందు వాపు లోపించినది" అని రాసి నోటీసు చేతిలో పెట్టాడు.

"తగ్గింది గదా సార్. మంచిదే గదా?"

"ఎవరికి మంచిది? రికార్డుకు మంచిదా?"

లింబన్న ఆలోచించాడు. అప్పటి నుంచి సోమవారం సోమవారం ఉడకబెట్టిన చిన్న ఆలుగడ్డ ఒకటి కుడి బుగ్గలో పెట్టుకుని నిలబడేవాడు. విద్యాసాగర్ కొలిచి, "పునరుద్ధరించబడినది" అని రాసుకున్నాడు. ఆలుగడ్డ సంగతి అతనికి తెలుసు. నిబంధనలో ఆలుగడ్డ లేదు.

గంగమణిని బీడీలు చుట్టడం మానమన్నారు. ఆకు రాసుకుని వేళ్ళు అరుగుతాయట. ముప్పై ఏళ్ళలో ఆమె చేతులకు సెలవు ఇచ్చింది ఆ ఆఫీసు ఒక్కటే. ఆఫీసు పక్షాన చెప్పదగిన మాట ఇది. రెండోది లేదు.

"పన్నెండేండ్లు నేను ముసలిదాన్ని కావొద్దట," అంది గంగమణి ఆ సాయంత్రం. "పరాయి సర్కారుకు నా మొకం మీద గింత సోయి ఉన్నది. నీకెన్నడన్న ఉండెనా?"

"పద్దెనిమిదేండ్లు నీ మొకం ఎరుకలేకనే గడిపితి. ఇప్పుడు చూస్త తియ్యి," అన్నాను.

ఆ సెలవు ఆమెకు దక్కింది ఇరవై రోజులే. ఇరవై ఒకటో రోజు పొద్దున చాయ్ పెట్టడానికి పొయ్యి ముందు కూర్చుంది. లేవలేదు.

కొరివి నేనే పెట్టాను. మాలో కొరివి పెట్టినవాడు పదో రోజున వాగు దగ్గర తల, మీసం తీయించుకుని పిండం పెట్టాలి. ఆ పిండాన్ని కాకి ముట్టాలి. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా వెళ్ళిపోయినట్టు. ఇది మా తాతలు రాసుకోకుండా పెట్టుకున్న నిబంధన. దీనికి జిరాక్స్ లేదు.

మూడో రోజు లింబన్న వచ్చాడు. వెనక ఊరి పెద్దమనుషులు. వాకిట్లో కూర్చున్నారు. తర్వాత లింబన్న నా కాళ్ళు పట్టుకున్నాడు.

"బావా, నీ కాళ్ళు మొక్కుత. తల ముట్టకు."

"మీ అక్క దినంరా."

"నాకెరుక లేదా బావా? నువ్వు తల గొరిగితే ఊరి ఫైలు ఆగుతది. ముప్పై తొమ్మిది ఇండ్లు. నా బిడ్డ ఫీజు కట్టాలె. వీళ్ళందరు అప్పులు తెచ్చి పైసలు కట్టిన్రు."

"మీసం ఒక్కటన్న తీస్త."

"మీసం సుత ఫైల్లనే ఉన్నది బావా."

ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "పోశెట్టీ, శాస్త్రంల లోటు అయితే దేవుడు ఏమన్న అంటడు గని, ఊరు బతుకుతది గదా. ఒకపారి ఆఫీసుల అడిగి చూడు."

నాలుగో రోజు నేను ఆఫీసుకు వెళ్ళాను. నిల్వ సారు తల ఎత్తలేదు.

"విషయం?"

"గుండు చేయించుకోవాలె సార్. పర్మిషన్ కావాలె."

"కారణం?"

"నా భార్య పోయింది."

"మీ దుఃఖాన్ని ఈ కార్యాలయం గమనించింది." రిజిస్టర్ తిప్పాడు. "మీరు పార్టీ నంబరు పదిహేడు. ఆమె కూడా మన పార్టీయే. పద్దెనిమిది. పద్దెనిమిది ఒరిజినల్ ప్రస్తుతం ఎక్కడున్నది?"

ఆయన అడుగుతున్నది గంగమణి గురించి.

"కాలవెట్టినం సార్."

కలం కింద పెట్టాడు. "కాల్చారా? ముఖం ఒకటి, కళ్ళు రెండు, వేళ్ళు పది. నిల్వలో ఉన్న సొత్తు. ఎవరి అనుమతితో?"

"అడిగెటందుకు యాళ్ళ లేదు సార్. ఎండకాలం."

"కనీసం వేళ్ళయినా..." అని ఆపాడు. నా ముఖం చూసి ఆపలేదు. గుమస్తా టీ తెచ్చాడు, అందుకు ఆపాడు. ఒక గుక్క తాగి మళ్ళీ అందుకున్నాడు. "సరే. మరణం దైవాధీనం. పదకొండో నిబంధన. దానికి ఫైలు ఆపం. కానీ క్షవరం పార్టీ ఆధీనం. పన్నెండో నిబంధన. ఒక ఇంట్లో ఒక ఒరిజినల్‌ను తగలబెట్టారు. అదే వారంలో రెండోదాన్ని గొరిగిస్తామంటున్నారు. దీన్ని ఏమనాలి?"

"దినాలంటరు సార్."

ఆయన ఒక ఫారం తీసి నా ముందుకు తోశాడు. రూపమార్పు అనుమతి దరఖాస్తు. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. చదివి నింపాను. ఒక్క గడి మిగిలింది.

"ఇక్కడ మీ జీవిత భాగస్వామి అంగీకార ముద్ర వేయించాలి," అన్నాడు.

"ఆమెనే పోయింది సార్."

"అది పై పేరాలో రాశారు, చూశాను. ఇది కింద పేరా."

"మీ కంప్యూటర్ల ఆమె ముద్ర ఉన్నది గదా?"

ఆయన నా వైపు మొదటిసారి జాలిగా చూశాడు. "పోశెట్టి గారూ, అది జిరాక్స్."

చివరకు ఆ గడిలో "ముద్ర అలభ్యం" అని రాసి, అలభ్యానికి కారణం వేరే కాగితం మీద రాయించుకుని, తీసుకున్నాడు. నలభై అయిదు రోజుల్లో నిర్ణయం వస్తుందన్నాడు.

"పదో రోజుకు ఆరు రోజులే ఉన్నది సార్."

"అది మీ వైపు గడువు. మా వైపు గడువు నలభై అయిదు. రెండు గడువులు ఉన్నప్పుడు పెద్దది చెల్లుతుంది."

పదో రోజున ఊరంతా వాగు దగ్గరకు వచ్చింది. అంతమంది వస్తారని నేను అనుకోలేదు. గంగమణి మీద ప్రేమ అనుకున్నాను. నా తలకు కాపలా అని తర్వాత తెలిసింది. విద్యాసాగర్ కూడా గొడుగు వేసుకుని, టేపుతో వచ్చాడు. సోమవారం కాదు. అయినా లింబన్న జాగ్రత్తకు ఆలుగడ్డ పెట్టుకునే వచ్చాడు.

నేను వాగులో మునిగి వచ్చి సాయన్న ముందు కూర్చుని తల వంచాను. సాయన్న కదలలేదు.

"ఏందిరా?"

"అన్నా, నా కత్తిపెట్టె మీద లింబన్న కూసున్నడు."

నిజమే. చెక్కపెట్టె మీద రెండు చేతులూ మోకాళ్ళకు చుట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ పదిమంది.

"లే రా."

"లెవ్వ బావా."

"మీ అక్కరా."

"అక్క పోయింది బావా. మేం ఉన్నం."

అని ఏడ్చాడు. ఏడుస్తుంటే ఆలుగడ్డ పెదాల దాకా జారింది. వేలితో లోపలికి నెట్టుకుని మళ్ళీ ఏడ్చాడు.

నేను అతన్ని లేపగలను. పద్దెనిమిదేళ్ళు సిమెంటు బస్తాలు మోసినవాణ్ణి. ఆ పదిమంది వెనక వాళ్ళ పెళ్ళాలు నిలబడి ఉన్నారు. ఒకామె నన్ను చూసి కొంగు చాపింది. గంగమణి కంటే చిన్నది. నేను లేపలేదు. జుట్టుతో, మీసంతో పిండం పెట్టాను.

కాకి వచ్చింది. విస్తరికి నాలుగడుగుల దూరంలో రాయి మీద వాలింది. పిండాన్ని చూసింది. నన్ను చూసింది. అక్కడే ఉంది.

కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. బతికినవాళ్ళు ఆ కోరికేదో ఊహించి తీరుస్తామని మాట ఇవ్వాలి. అందరూ మాటలివ్వడం మొదలుపెట్టారు.

"అక్కా, నీ బర్రెను నా బర్రె తీరు చూసుకుంట," అన్నాడు లింబన్న.

కాకి ముక్కు రాయికి రాసుకుంది.

"వదినా, నీ బీడీల చాట అడుక్కపోయి ఇయ్యలే, రేపే తెచ్చిస్త," అంది ఒకామె.

కాకి కదలలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. వంటల గిన్నెలు మూతలతో అలాగే ఉన్నాయి. విద్యాసాగర్ గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. గిన్నెల వైపు చూశాడు. రెండు దాటింది.

అప్పుడు ఒక ముసలామె గట్టిగా అంది. "మనందరం మాటలిస్తె ఏం ఫాయిద? ఆమెకేం కావాల్నో ఎరుకనే. అది ఇచ్చేటోడు ఆ గొడుగు సారు. ఆయన్నియ్యమనుండ్రి మాట."

విద్యాసాగర్ మొదట వద్దన్నాడు. తనకు అధికారం లేదన్నాడు. మాంసం కూర మూత ఎవరో కొంచెం జరిపారు. గొడుగు ముడిచి, కాకి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గంగమణి గారూ, తమరి భర్త గారి తల విషయమై అందిన దరఖాస్తు పై అధికారుల పరిశీలనలో ఉన్నది. నిబంధనలకు లోబడి, సాధ్యమైనంత త్వరలో, తగు నిర్ణయం తీసుకోబడునని ఇందుమూలంగా తెలియజేయడమైనది."

కాకి అంతా విన్నది. లేచి వాగు అవతలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

పిండం నీళ్ళలో వదిలాం. చేపలు తిన్నాయి. తర్వాత అందరూ తిన్నారు. లింబన్నకు నేనే వడ్డించాను. ఎడమ చెంపతో నమిలాడు.

నలభై ఆరో రోజున అనుమతి వచ్చింది. నాలుగు పేజీలు. చివరి పేజీ ఇలా ఉంది: "సదరు పార్టీ పదవ రోజున ఒక పర్యాయం శిరోముండనం, మీసముతో సహా, జరుపుకొనుటకు అనుమతించడమైనది. పదవ రోజును ఈ ఉత్తర్వు అందిన తేదీ నుండి లెక్కించవలెను. తీసిన వెంట్రుకలను సంచిలో సీలు వేసి కార్యాలయంలో జమ చేయవలెను. పన్నెండు సంవత్సరాల అనంతరం అవి పార్టీకి తిరిగి ఇవ్వబడును."

జిల్లాలో ఇలాంటి అనుమతి ఇదే మొదటిది. అందుకని పండుగ చేయాలనుకున్నారు. ఉత్తర్వు ప్రకారం పదో రోజున మా వాడకట్టులో టెంటు వేశారు. కుర్చీలు, మైకు, రెండు పూలదండలు. ఒకటి నిల్వ సారుకు. ఇంకోటి గుండు తర్వాత నాకు. సాయన్న కత్తిపెట్టెను లింబన్న తన భుజం మీద మోసుకొచ్చాడు.

నిల్వ సారు మైకు అందుకున్నాడు. "నిబంధనలకు హృదయం ఉండదని కొందరి అపోహ. నేడు ఈ కార్యాలయం మానవీయ కోణంలో ఒక తలను విడుదల చేస్తున్నది." చప్పట్లు కొట్టారు.

సాయన్న పీట వేశాడు. కత్తి నూరాడు. "కూసో అన్నా."

నేను నిలబడే ఉన్నాను.

"కూసో బావా," అన్నాడు లింబన్న. "అక్క శాంతిస్తది."

"పదో రోజు అయిపోయింది."

"ఇయ్యాల్లనే పదో రోజు బావా. కాయిదంల ఉన్నది."

"అట్లయితే కాయిదానికి చేయించు."

కుర్చీల్లో కదలిక వచ్చింది. నిల్వ సారు మైకు పక్కన పెట్టి వచ్చాడు. నిదానంగా మాట్లాడాడు.

"పోశెట్టి గారూ, అనుమతించబడిన గుండును నిరాకరించడానికి నిబంధన లేదు. పైగా సభ ఆలస్యం కాకూడదని ఉదయమే నమోదు చేశాం. కంప్యూటర్‌లో మీరు ఇప్పటికే గుండు. ఇప్పుడు మీరు ఈ జుట్టుతో ఉంటే ఒరిజినల్, జిరాక్స్ వేరవుతాయి. ఊరి ఫైలు ఆగుతుంది. ప్రయాణాలు ఇంకో పదిహేను రోజులే ఉన్నాయి."

ఊరు అర్థం చేసుకుంది. ఈసారి మూడు రోజులు పట్టలేదు. ముందు లింబన్న, తర్వాత పెద్దమనుషులు, తర్వాత ఆడవాళ్ళు. కొంగు చాపినామె మళ్ళీ చాపింది.

"నీ కాళ్ళు మొక్కుత బావా. తల గొరిగించుకో."

"తల ముట్టకన్నది నువ్వే."

"అప్పుడు అన్న. ఇప్పుడు ఇదంటున్న. రెండుపార్లు ఇండ్ల కోసమే అన్న బావా. నా కోసం ఒక్కపారన్న అడిగిన్నా?"

అది నిజమే. నేను కాదనలేదు.

"నేను ఆనాడు మీ అక్క ముంగట తల వంచిన," అన్నాను. "పెట్టె మీది నుంచి నువ్వు లెవ్వలే. ఇంకో రోజు, ఇంకొకని ముంగట వంచ."

పదిమంది నన్ను పట్టుకోవచ్చు. పట్టుకున్నారు కూడా. పీట మీద కూర్చోబెట్టారు. అప్పుడు సాయన్న కత్తి మడిచి మొలలో దోపుకున్నాడు. "పట్టుకొని గొరిగేది గొర్రెను," అన్నాడు. "నాతోటి కాదు." పెట్టె కూడా తీసుకోకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. నేను లేచి ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బయట చాలాసేపు తలుపు కొట్టారు. దండలు ఏమయ్యాయో తెలియదు.

ఫైలు ఆగింది. విమానం నాది కాక ముప్పై తొమ్మిది సీట్లు ఖాళీగా పోయిందని చెప్పారు. ఎవరి అప్పు ఎంతైందో, ఎవరి పిల్ల బడి మానిందో కూడా చెప్పారు. విన్నాను. ఊరు నాతో మాట్లాడదు. సాయన్న ఒక్కడే అప్పుడప్పుడు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. మేం వానల గురించి మాట్లాడుకుంటాం.

నాది తప్పు అనేవాళ్ళున్నారు. ఉండనివ్వండి. ఆ రోజు ఆమెకు దక్కాల్సింది దక్కలేదు. మిగతా లెక్కలు ఎవరివి వాళ్ళు చూసుకోవచ్చు.

ఈ సంగతి ఇంతే. అడగవద్దు. ఇక చచ్చేదాకా నా నోట దీని గురించి మాట రాదు.